గేటు బయటి గంటలు: విశాఖ లారీల మధ్య తిరిగి వచ్చాక

మా మేనల్లుడికి ఇరవై నిండాయి. కారు లైసెన్సు చేతికొచ్చి రెండేళ్లయింది. ఇక హెవీ లైసెన్సు తీసుకుని లారీ ఎక్కుతానని సంక్రాంతి నాడే ఇంట్లో చెప్పేశాడు. మా అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. విశాఖపట్నంలో కొత్త డ్రైవర్లకు కూడా నెలకు పాతిక వేలు వస్తున్నాయని వాడికి స్నేహితులెవరో చెప్పారు. ఆ పాతిక వేలు ఎన్ని గంటల పనికి, అందులో జీతమెంత, బత్తా ఎంత, తిండికి పోయేదెంత అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు గుమాస్తాను కాబట్టి లారీల చీటీలు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. బస్తాలెన్ని, కాటా ఎంత, కిరాయి ఎంత, అన్నీ నా పుస్తకంలో ఉంటాయి. డ్రైవరు జీతం మాత్రం అందులోకి రాదు. అది ఓనరుకూ అతనికీ మధ్య నోటిమాట. అందుకే మిల్లుకు సెలవు పెట్టి, వాడిని వెంటబెట్టుకుని విశాఖ వెళ్లాను. విన్న మాటలు మరపున పడకముందే రాసి పెడుతున్నాను.

సోమవారం, గాజువాక ఆటోనగర్

లాడ్జి గది రోజుకు 900. పక్క సందు మొదట్లో ఒక టిఫిన్ బండి ఉంది. ఇడ్లీ 30, పూరీ 40, అల్లం పచ్చడి అడిగినంత. బండి నడిపే ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. మేం వచ్చిన పని విని, "మా ఆయనదీ లారీ పనే" అంది. మేనల్లుడి వంక ఒకసారి చూసి, అడగకుండానే వాడి ప్లేటులో మరో ఇడ్లీ వేసింది. డబ్బులిచ్చేటప్పుడు దానికి తీసుకోలేదు.

ఆటోనగర్‌లో కాసేపు నడిస్తే లారీ పుట్టుక నుంచి ముసలితనం దాకా అన్నీ కళ్ల ముందే కనిపిస్తాయి. ఒక షెడ్డులో కొత్త ఛాసిస్ మీద బాడీ కడుతున్నారు, పక్క షెడ్డులో అరిగిన టైర్లకు రబ్బరు వేస్తున్నారు, ఆ పక్కన క్యాబిన్ తుప్పు గీకుతున్నారు. అక్కడే కమాను పట్టీ విరిగి ఆగిన పది టైర్ల లారీ కింద నీడలో దాని డ్రైవరు కూర్చుని ఉన్నాడు. సాలూరు మనిషి. లారీల ఊరుగా ఉత్తరాంధ్రలో సాలూరుకు పేరు. వాళ్ల నాన్నదీ ఇదే పని.

మేనల్లుడు గౌరవంగా "బాబాయ్" అని మొదలుపెట్టాడు. ఆయన ముందు వాడి అరచేతులు చూపించమన్నాడు.

"నేను మూడేళ్లు క్లీనరుగా తిరిగాను. గురువుగారు ఖాళీ బండి మీద, ఖాళీ రోడ్డు మీద మాత్రమే సీటు ఇచ్చేవారు. సాలూరు నుంచి సుంకి ఎక్కే ఘాట్‌లో నన్ను కూర్చోబెట్టడానికి ఆయనకు రెండేళ్లు పట్టింది. ఇప్పుడు నీకు సీటు ఎవరిస్తారు? క్లీనర్లే లేరు. ఖర్చని ఓనర్లు తీసేశారు. పరదా కప్పడం, తాళ్లు కట్టడం, టైరు కొట్టి చూడడం, రివర్సులో వెనక చూడడం, అన్నీ డ్రైవరే."

ఈ సంగతి నన్ను చాలాసేపు వదల్లేదు. క్లీనరును తీసేయడంతో ఒక జీతం మిగిలిందని లెక్క రాసుకుంటారు. దాంతోపాటు పని నేర్పే బడి కూడా మూతపడిందని ఏ పుస్తకంలోనూ రాయరు. ఈరోజు లైసెన్సు తీసుకున్న కుర్రవాడు రేపు ఇరవై ఎనిమిదిన్నర టన్నుల బండి మీద ఒంటరిగా కూర్చుంటాడు. మూడు ఇరుసుల లారీకి సరుకుతో కలిపి 2018 నుంచి ఉన్న పరిమితి అది. అంతకుముందు 25 టన్నులు ఉండేది.

జీతం మాట ఎత్తాను. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. కొత్తవాడికి పదిహేను, పదహారు వేలు. బండి రోడ్డు మీద ఉన్న రోజుకు 300 బత్తా. నేను చీటీ వెనక రాసి చూశాను. పదహారు వేలు, దానికి ముప్ఫై రోజుల బత్తా తొమ్మిది వేలు. పాతిక వేలు సరిగ్గా వచ్చింది! మా వాడి ముఖం వెలిగింది.

"ముప్ఫై రోజులూ బండి కదిలితే కదా" అన్నాడాయన. "కదలని రోజుకు బత్తా లేదు. మంచి ఓనరైతే సగం ఇస్తాడు."

ఇక ఆ 300 ఎక్కడికి పోతుందో కూడా రాశాను. ఉదయం టిఫిన్ 50, మధ్యాహ్నం భోజనం 120, రాత్రి 100, రెండు టీలు 20, స్నానానికీ మరుగుదొడ్డికీ 20. మొత్తం 310. అంటే బత్తా ఆదాయం కాదు, తిండి. దాన్ని జీతంలో కలిపి పాతిక వేలని చెప్పడం అన్యాయం. బండి ఆగిన రోజున ఆ 310 కూడా పదహారు వేలలోంచే పోతుంది.

మంగళవారం, షీలానగర్ వైపు

పోర్టుకు వెళ్లే రోడ్డుకు ఒక పక్కగా, ఒక ప్రైవేటు గోదాము ముందు లారీల వరస. పోర్టు 1933లో తెరుచుకున్నప్పటి నుంచి ఈ ఊరి బతుకు ఓడలతో ముడిపడి ఉంది. ఓడ వచ్చిందంటే సరుకు దిగాలి, దిగిన సరుకు లారీ ఎక్కాలి. ఆ మధ్యలో ఎక్కడ చిక్కుపడినా రోడ్డు పక్కన వరస పెరుగుతుంది. ఆ రోజు ఎరువుల బస్తాల కోసం ముప్ఫైకి పైగా బండ్లు ఆగి ఉన్నాయి.

వరస మధ్యలో పన్నెండు టైర్ల లారీ పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక కుర్రవాడు కనిపించాడు. తుని దగ్గర పల్లెటూరు. క్యాబిన్ మీద తలుపులమ్మ తల్లి పేరు పసుపు రంగులో రాసి ఉంది. సీటు మీద కూర్చుని రెండో ఏడాదే. మేం వెతుకుతున్నది సరిగ్గా ఇలాంటి మనిషినే. ఆదివారం రాత్రి తొమ్మిదికి వచ్చి టోకెన్ తీసుకున్నాడు. మేం వెళ్లేసరికి మంగళవారం ఉదయం పది.

"రెండు రాత్రులు బాగా పడుకుని ఉంటావు" అన్నాడు మా వాడు.

"ఎక్కడ అన్నా! రాత్రి ఒంటిగంటకు నాలుగు బండ్లు లోపలికి పిలిచారు. వరస జరిగింది. నేను లేచి జరపకపోతే వెనకవాడు ముందుకు వస్తాడు. మళ్లీ మూడింటికి జరిగింది. నిద్రపోతే టర్ను పోతుంది."

నేను ఇంతకాలం లారీ ఆగిందంటే డ్రైవరు పడుకుని ఉంటాడనే వినేవాణ్ని, ఓనర్లంతా అలాగే చెబుతారు. ఆ వరసలో ఒక పూట కూర్చున్నాక ఆ మాట చెల్లదని తెలిసింది. ఇంజను శబ్దం వినిపిస్తే చాలు, వరసలోని తలలన్నీ ఒకేసారి లేచేవి.

పదకొండింటికి చోడి (రాగి) అంబలి అమ్మే ముసలావిడ వచ్చింది. స్టీలు గ్లాసు నిండా అంబలి, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, 20 రూపాయలు. చేతిలో డబ్బు లేని డ్రైవరుకు అప్పు పెడుతుంది. పేరు అడగదు. బండి నంబరులో చివరి నాలుగు అంకెలు గుర్తుపెట్టుకుంటుంది. "ఆ నంబరు మళ్లీ ఇక్కడికి రాక తప్పదు కదా బాబూ" అంది. మాకు తాగించిన గ్లాసులకు నన్ను డబ్బులివ్వనివ్వలేదు ఆ తుని కుర్రవాడు. తన బండి దగ్గరికి వచ్చినవాళ్లు తన ఇంటికి వచ్చినట్టేనన్నాడు. పదహారు వేల జీతగాడు, కదలని బండి దగ్గర, బత్తా లేని రోజున ఆ మాట అన్నాడు.

సాయంత్రం నాలుగింటికి లోపలికి పిలుపు వచ్చింది. మేనల్లుడిని కూడా వెంట తీసుకెళ్లమని అడిగితే గేటు దగ్గర ఒప్పుకోలేదు. లోడయ్యాక కాటా వేయించుకుని బండి బయటికొచ్చేసరికి ఆరు దాటింది. పరదా కప్పి తాళ్లు బిగించడానికి మా వాడు సాయం పట్టాడు. తాడు ఎలా లాగితే ముడి జారదో ఆ కుర్రవాడు ఓపికగా చూపించాడు. ఏడింటికి బండి కదిలింది. ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి 46 గంటలు. ఇప్పుడు విజయవాడ వెళ్లాలి, దాదాపు 350 కిలోమీటర్లు. తెల్లవారేసరికి దించే గోదాములో టర్ను పెట్టాలని ఓనరు ఫోను.

"ఇంత అలసటతో రాత్రంతా నడుపుతావా?" అని అడిగాను.

"రెండు రోజులు ఇక్కడే పోయాయి బాబాయ్ గారూ. రోడ్డు మీద సంపాదించుకోకపోతే ఈ నెల ఎలా?"

నేను విశాఖలో విన్నవాటన్నిటిలోకీ ఇదే అసలు మాట. గేటు బయట పోయిన గంటలకు ఎవరూ డబ్బివ్వరు. ఆ గంటలను డ్రైవరు రాత్రిపూట రోడ్డు మీద, తన నిద్రలోంచి తీసి పూడ్చుకుంటాడు. అదే రోడ్డు మీద మన పిల్లలు బస్సుల్లో, బైకుల మీద వెళ్తుంటారు.

ఆ రాత్రి లాడ్జిలో ఫోనులో చట్టం తీసి చదివాను. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది. దూర ప్రయాణాలకు అనుమతితో రోజుకు 10, వారానికి 54. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విరామం. ఒక రోజు పని ముగిశాక మరునాటి పనికి మధ్య వరసగా 9 గంటల విశ్రాంతి. ఎంత చక్కగా రాశారు! కాని పనిగంటల నిర్వచనంలో ఒక చోట ఆగిపోయాను. చివరి స్టేషన్లలో ఊరికే కాచుకుని ఉండే సమయాన్ని కూడా పనిగంటల్లో కలిపారు, పదిహేను నిమిషాల లోపు అయితేనే. పదిహేను నిమిషాలు! పొద్దున్న ఆ వరసలో కూర్చుని ఉంటే ఆ వాక్యం రాసిన చేయి వణికేది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి ఆ పాత చట్టం వాటిలో కలిసిపోయింది. కొత్తదాంట్లోనూ రోజుకు 8 గంటలే, అదనపు పనికి రెట్టింపు కూలి. బండి పక్కన గోనెపట్టా మీద గడిచిన రాత్రి పని కిందికి వస్తుందా అని ఆ కుర్రవాడు అడిగితే ఏ ఓనరూ అవుననడు.

బుధవారం, అనుకోకుండా ఫిషింగ్ హార్బరు

బొగ్గు టిప్పర్లు తిరిగే గేటు దగ్గరికి పోవాలని ఆటో ఎక్కాం. ఆటో అతను హార్బరంటే చేపల రేవే అనుకుని నేరుగా అక్కడ దింపాడు. 250 రూపాయలు. దిగాక తెలిసింది, వెనక్కి వెళ్లకుండా ఉండిపోయాం. మంచిదే అయింది.

తెల్లవారుజామున వచ్చిన పడవల సరుకు అప్పటికే గట్టెక్కింది. నేల మీద వెండిలా మెరిసే చేపల కుప్పలు, వేలం పాటలు, బుట్టలు నెత్తిన పెట్టుకుని దారి ఇమ్మని గద్దించే ఆడవాళ్లు. గొంతు తగ్గించి మాట్లాడితే అక్కడ ఎవరూ పట్టించుకోరు. ఒక పక్క ఐసు ముక్కలు కొట్టి పెట్టెల్లో నింపుతున్నారు. ఆ పెట్టెలు ఎక్కించుకునే వ్యానుల దగ్గర ఇద్దరు డ్రైవర్లు టీ తాగుతున్నారు. చిన్నవాడికి ఇరవై మూడేళ్లు.

వీళ్ల లెక్క పూర్తిగా వేరు. చేప ఆగదు కాబట్టి బండి ఆగదు. వరస లేదు, టోకెన్ లేదు. చెన్నైకి ట్రిప్పు వేస్తే మనిషికి 3,500, తిండి ఓనరుదే. ఇద్దరూ మార్చుకుంటూ నడుపుతారు. నెలకు ఆరు ట్రిప్పులు పడితే ఇరవై ఒక్క వేలు చేతికి వస్తుంది. లారీ కుర్రవాడి పాతిక వేల కంటే ఇదే నిఖార్సైన డబ్బు. "మరి ఇబ్బంది ఏమిటి?" అని అడిగాడు మా వాడు.

"కదిలే బండిలో పడుకోవడం నిద్ర కాదు తమ్ముడూ. రెండో రాత్రి మధ్యలో రోడ్డు మీద లేనివి కనిపిస్తాయి. అప్పుడు సీటు మార్చేస్తాను. రెండోవాడు లేకపోతే ఈ పని చేయను, ఎంత ఇచ్చినా."

ప్రమాదం మాట వచ్చేసరికి పెద్దాయన 2024 జనవరి సమ్మె గుర్తుచేశాడు. ప్రమాదం చేసి చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా శిక్ష పడుతుందని కొత్త న్యాయ సంహితలో రాయడంతో దేశమంతటా లారీలు ఆగాయి. ఆ 106(2) నిబంధనను తరువాత అమలు చేయకుండా పక్కన పెట్టారు. "పారిపోవడం తప్పే. కాని ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం మాది. ఆ భయం తీర్చే మార్గం ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే జవాబు కోసం అడిగాడు.

మధ్యాహ్నం రేవుకు దగ్గరలోనే చిన్న భోజనశాలలో అన్నం, కోనెం వేపుడు తిన్నాం. ఇద్దరికీ 420. అంత తాజా చేప నేను తిని చాలా కాలమైంది. సాయంత్రం టిప్పర్లవాళ్లను కూడా కలిశాం. వాళ్లు పన్నెండు గంటల షిఫ్టు చేసి, ట్రిప్పుల లెక్కన డబ్బు తీసుకుని, రాత్రికి ఇంటికి వెళ్లి పడుకుంటారు. ముఖమంతా బొగ్గు దుమ్మే. అయినా "ఇల్లు ఉందండీ మాకు" అని గర్వంగా చెప్పుకున్నారు.

గురువారం, అనకాపల్లి, తిరుగు దారిలో లంకెలపాలెం

ఓనరు మాట కూడా వినకపోతే లెక్క ఒంటికాలి మీద నిలబడుతుందని అనకాపల్లి వెళ్లాం. బెల్లం కాలం. మార్కెట్టు వీధి మొదట్లోకి రాగానే తియ్యటి ఘాటు గొంతులో తగులుతుంది. దిమ్మలు వరసగా పేర్చి పాట పాడుతున్నారు. మా మిల్లుకు వచ్చే ఒక డ్రైవరు చెప్పిన గుర్తుల మీద ఒక ఓనరును పట్టుకున్నాం. ఆయనకు ఉన్నవి రెండు లారీలు. ఒకటి ఆయనే పదేళ్లు నడిపాడు. నడుము పట్టేశాక దిగాడు. పొగరు, దాపరికం లేని మనిషి. చేతిలో బెల్లం ముక్క పెట్టి, కుర్చీలు వేయించి, తన పుస్తకం నా ముందుకు జరిపాడు. గుమాస్తాకు ఇంతకు మించిన మర్యాద లేదు.

హైదరాబాదుకు 18 టన్నులు, టన్నుకు 1,700. కిరాయి 30,600. దాదాపు 620 కిలోమీటర్లకు లీటరుకు నాలుగు చొప్పున 155 లీటర్ల డీజిలు, సుమారు 15,000. టోళ్లు 4,500. బ్రోకరు కమీషను, హమాలీ, కాటా కలిపి 1,900. డ్రైవరు దారి ఖర్చు 1,800. అన్నీ పోగా 7,400. తిరుగు లోడు వెంటనే దొరికితే కొంత కలుస్తుంది, దొరక్కపోతే రెండు మూడు రోజులు అక్కడే. ఇందులోంచే ఫైనాన్సు కిస్తీ, టైర్లు, బీమా, పన్ను, డ్రైవరు జీతం.

"సరుకు పార్టీ దగ్గర బండి ఆగితే ఆగినందుకు హాల్టింగ్ డబ్బు వస్తుంది కదా?" అన్నాను.

"రాసి ఉంటుంది. అడిగితే వచ్చేసారి లోడు ఇవ్వరు."

అంటే పై నుంచి కిందికి అందరూ ఆగిన గంటలను పక్కవాడి మీదికి తోస్తున్నారు. తోయడానికి ఎవరూ లేనివాడు డ్రైవరు.

మా వాడు ఇక్కడ మంచి ప్రశ్న వేశాడు. "ఈ-వే బిల్లు గడువు దాటిపోతుందని రాత్రుళ్లు తొందరపెడతారా?" సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం అది. దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. 2020 చివరి దాకా 100 కిలోమీటర్లకే ఒక రోజు ఉండేది. హైదరాబాదుకైతే ఇప్పుడు నాలుగు రోజులు. లారీ గంటకు సగటున నలభై వెళ్లినా పదహారు గంటల దూరం. రెండు పగళ్లు నడిపి, రెండు రాత్రులు పడుకుని, కాగితం గడువులోనే హాయిగా చేరవచ్చు. ఓనరు కాసేపు ఆలోచించి, "కాగితం తొందర కాదు, టర్ను తొందర. ముందు చేరినవాడికి ముందు దించుతారు. ముందు దించినవాడికే తిరుగు లోడు" అన్నాడు.

అధిక లోడు గురించీ అడిగాను. 2019 సవరణ తరువాత పరిమితి దాటితే 20,000, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 జరిమానా. తను దాటించనని చెప్పాడు. అయితే కొందరు ఆ జరిమానాను డ్రైవరు జీతంలోంచి కోస్తారన్నది నిజమేనని ఒప్పుకున్నాడు. లోడు వేయించేది ఒకరు, పట్టుబడేది ఇంకొకరు. కొత్త కుర్రవాడు చేరేటప్పుడు ఈ మాట తేల్చుకోకపోతే ఒక్క తనిఖీతో నెల జీతం పోతుంది.

మరి చట్టం? పాతది ఐదుగురు కార్మికులున్న సంస్థల నుంచే వర్తించేది. పనిగంటల సంగతి చూసే కొత్త కోడ్‌లో సంస్థ అంటే పది మంది ఉండాలి. రెండు లారీల ఓనరు పాతదాంట్లోనూ లేడు, కొత్తదాంట్లోనూ లేడు. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో ఇలాంటి చిన్న ఓనర్లవి ఎన్ని ఉంటాయో దారిలో క్యాబిన్ల మీది పేర్లు చదువుకుంటూ వస్తే చాలు, తెలిసిపోతుంది. ఎనిమిది గంటల నియమం వీళ్లను తాకకుండా పక్క నుంచి వెళ్లిపోతుంది. ఈ గీత మార్చాలి. లారీ బరువును బట్టి రోడ్డు మీద నియమం పెట్టగలిగినవాళ్లు, నడిపే మనిషి నిద్రకు మాత్రం ఓనరు దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారని లెక్కించడం ఏమిటి?

చీకటి పడ్డాక తిరిగి వస్తూ లంకెలపాలెం దగ్గర డాబాలో ఆగాం. రొట్టెలు, పప్పు ఇద్దరికీ 260. పక్క నులకమంచం మీద ఒక పెద్ద వయసు డ్రైవరు. పదహారో నంబరు జాతీయ రహదారిని ఆయన ఇంకా ఐదో నంబరు రోడ్డనే అంటాడు. ఆయన నడిపేది కొత్త లారీ, ఏసీ క్యాబిన్ ఉంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు అది తప్పనిసరి. పగలు నడపడం ఎంతో తేలికైందని సంతోషంగా చెప్పాడు. మరి ఆగినప్పుడు? ఇంజను ఆపితే ఏసీ ఆగుతుంది, ఇంజను నడిపితే డీజిలు లెక్క చెప్పాలి. కాబట్టి గేటు బయట వరసలో మళ్లీ పాత ఎండే.

శుక్రవారం, టిఫిన్ బండి దగ్గర

బయలుదేరే ముందు చివరిసారి అక్కడే తిన్నాం. రద్దీ తగ్గాక ఆవిడ ఇంట్లోంచి గోడ క్యాలెండరు తెచ్చి మా ముందు పెట్టింది. భర్త ఇంట్లో పడుకున్న రాత్రికి ఆ గడిలో ఒక సున్నా చుడుతుంది. జనవరిలో ఎనిమిది సున్నాలు, అందులో మూడు పండగవే. కొన్ని గడుల్లో చిన్న అక్షరాలతో "ఆగాడు" అని ఉంది. బండి ఎక్కడో లోడు కోసమో, దించడానికో నిలబడిపోయిన రోజులు. అవి పదకొండు.

"జీతం ఇచ్చే రోజు ఆయన మరిచిపోతాడని రాస్తాను. ఒక నెల ఓనరుకు ఇది చూపించాను. ఆగిన రోజులకు సగం బత్తా ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఇస్తున్నాడు" అంది.

చట్టం నిర్వచనాలకు అందని గంటలను ఆవిడ బాల్‌పెన్నుతో పట్టుకుంది. నేను ముప్ఫై ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. ఇంత పనికొచ్చే పద్దు చూసిన గుర్తు లేదు. మా వాడు ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఆవిడ మాత్రం వాడితో ఒక్కటే చెప్పింది. "లారీ వద్దనను నాయనా. మొదటి ఏడాదే దూరం పోవద్దు."

ఆ మాట పట్టుకునే బస్సులో ఇద్దరం ఆలోచించుకున్నాం. హెవీ లైసెన్సుకు వాడికి అడ్డంకి లేదు. కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది, రవాణా వాహనానికి కావలసిన ఇరవై ఏళ్లు నిండాయి. డ్రైవింగ్ స్కూలు సర్టిఫికెట్టు, వైద్య పరీక్ష పత్రం ఉంటే ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) తీసుకోవచ్చు. 2019లో ఎనిమిదో తరగతి నిబంధన కూడా తీసేశారు. అయితే తొందర ఎందుకు? 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం, మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు వాహనాన్ని కారు లైసెన్సుతోనే నడపవచ్చు. ముందు ఒక ఏడాది అలాంటి చిన్న బండి మీద, రాత్రికి ఇల్లు చేరే దూరాల్లో తిరిగితే చేయి కుదురుతుంది. ఆ తరువాత హెవీ. పోయిన క్లీనరు బడికి బదులు ఇంతకంటే దారి నాకు తోచలేదు. వాడికీ నచ్చింది. మా అక్కకు ఫోనులో చెబితే, "రాత్రికి వస్తాడా?" అని రెండుసార్లు అడిగి, సరేనంది.

తాడేపల్లిగూడెం చేరిన మరునాడు మాకు తెలిసిన ఒక చిన్న ట్రాన్స్‌పోర్టు ఓనరుతో మాట్లాడాం. మాట్లాడింది నేను కాదు, వాడే. జీతం పదమూడు వేలు, బ్యాంకులో వేయాలి. ఉదయం ఎనిమిదికి బయలుదేరిన బండి రాత్రి ఎనిమిది లోపల షెడ్డుకు రావాలి. అధిక లోడుకు పడే జరిమానా ఓనరుదే. సరుకు ఎక్కించే చోట, దించే చోట బండి వెళ్లిన సమయం, బయటపడిన సమయం చీటీ మీద రాయించి తెస్తాడు. రెండు గంటలు దాటి ఆగితే గంటకు 40 ఇవ్వాలి. చివరి షరతుకు ఓనరు చాలాసేపు ఒప్పుకోలేదు, అలాంటి లెక్క ఎక్కడా లేదన్నాడు. మా వాడు క్యాలెండరు ఫొటో తీసి చూపించాడు. చివరికి గంటకు 25 దగ్గర కుదిరింది. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా వాడి బ్యాంకు ఖాతా మీద అదే రోజు కట్టించాను, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి రెండు లక్షలు వస్తుంది. వచ్చే సోమవారం చేరుతున్నాడు. మొదటి లోడు మా మిల్లు నుంచే, నిడదవోలుకు నూకలు.